ఆకలైతుందా, నిద్ర పడుతుందా, మనసైతుందా

భూపాలపల్లిలో ఎండలు ముదిరే వేళకు మా వీధి మలుపులో ఉన్న కూలర్ల దుకాణం ముందు వట్టివేళ్ల కట్టలు దిగుతాయి. దుకాణం ఆయన వాటిని విప్పి, మట్టి దులిపి, తడకల్లో సర్ది, చివరకు బకెట్టెడు నీళ్లు కుమ్మరిస్తాడు. బొగ్గు లారీలు లేపిన దుమ్ములోంచి ఆ మొదటి తడి వాసన ఒక్కసారిగా లేస్తుంది. మొన్న పాల ప్యాకెట్టు కోసం వెళ్తూ ఆ వాసన తగిలి అక్కడే నిలబడిపోయాను. నాకు కూలరు కావాలేమోననుకుని దుకాణం ఆయన ధర చెప్పడం మొదలుపెట్టాడు. వద్దని చెయ్యూపి వచ్చేశాను కానీ, ఇంటికి చేరేదాకా నేను భూపాలపల్లిలో లేను. జనగామలో, రైల్వే స్టేషన్ నుంచి బస్టాండుకు వచ్చే దారి పక్క సందులో, డాక్టర్ సలీమా గారి దవాఖాన బల్ల మీద కూర్చుని నా వంతు కోసం చూస్తున్నాను.

ఆ దవాఖాన రెండు గదులే. ముందు గదిలో గోడ వెంట పొడవాటి బల్లలు, లోపలి గదిలో డాక్టరమ్మ. రెంటికీ మధ్య తలుపు లేదు, ఒక పూల తెర వేలాడేది. ఎండాకాలంలో కిటికీకి వట్టివేళ్ల తడక కట్టేవారు. పొద్దున అందరికంటే ముందు వచ్చిన రోగి దాన్ని తడపాలన్నది అక్కడి ఆనవాయితీ. జ్వరంతో వచ్చినవాడైనా సరే, చెంబుతో నీళ్లు చల్లి వచ్చి కూర్చోవాల్సిందే. చల్లేటంత బలముంటే సగం నయమైనట్టే అనేవారు ఆమె. పొట్టి మనిషి. చెవుల దగ్గర నెరిసిన జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్లద్దాలు, తెల్లకోటు కింద ఎప్పుడూ ముదురు రంగు చీర. తండ్రి జనగామలోనే దూది ఏకి రజాయిలు కుట్టేవారట. ఇంట్లో దక్కనీ మాట్లాడుకున్నా, ఆమె తెలుగు మా తెలుగే. కోపం వచ్చినప్పుడు మాత్రం రెండూ కలిసిపోయేవి.

ఆమె జ్వరాలు, షుగరు, బీపీ, థైరాయిడ్ చూసే మామూలు డాక్టరు. మగవాళ్ల రహస్య రోగాలు నయం చేస్తామని గోడల మీద సున్నంతో రాయించుకునే బాపతు కాదు. అయినా మగవాళ్లలో కోరిక తగ్గిపోవడమనే సంగతిని మా ప్రాంతంలో ఒక రోగంలా, అంటే సిగ్గుపడకుండా చెప్పుకుని మందు తీసుకోదగిన దానిలా చూసిన మొదటి మనిషి నాకు తెలిసి ఆమే. అందుకు ఆమె పెద్దగా చేసిందేమీ లేదు. ఒక ప్రశ్న అడిగేవారు. ఆకలైతుందా, నిద్ర పడుతుందా, బయటికి సాఫ్‌గా పోతున్నారా అని అడిగి, అదే గొంతుతో, చీటీ మీద నుంచి తల ఎత్తకుండానే, మనసైతుందా అనేవారు. ఎదుటివాడికి అర్థం కాకపోతే, భార్య దగ్గరికి పోవాలని మనసైతుందా అని విడమరిచేవారు. కొత్త పెళ్లికొడుకును అడిగేవారు, మనుమలున్న తాతను అడిగేవారు, గుడి పూజారిని అడిగేవారు. కాలికి మేకు గుచ్చుకుని ఇంజెక్షను కోసం వచ్చినవాణ్ని కూడా అడిగేవారు.

ఒకసారి బల్ల మీద నా పక్కన కూర్చున్న కానిస్టేబులు లోపలికి వెళ్లాడు. తెర అవతలి మాటలు మాకు వినపడుతూనే ఉన్నాయి. ఆ ప్రశ్న రాగానే అతను కాసేపు గొంతు సవరించుకున్నాడు.

"గది గూడ చెప్పాల్నా మేడం?"

"ఠాణల మీరు అడిగితె అందరు అన్ని చెప్తరు గద. ఇది నా ఠాణ."

బల్లల మీదున్న వాళ్లంతా నవ్వారు. తర్వాత అతని గొంతు బాగా తగ్గిపోయింది. బయటికి వచ్చేటప్పుడు, ఆదివారం పగటిపూట వచ్చి బీపీ ఇంకోసారి చూపించుకోమని ఆమె అందరికీ వినపడేలా చెప్పారు. ఆ మాట ఆమె రోజూ చాలామందికి చెప్పేవారు. వాళ్లలో ఎవరికి నిజంగా బీపీ ఉందో, ఎవరు ఆ నెపంతో ఆదివారం తీరిగ్గా మాట్లాడుకోవడానికి వస్తున్నారో బల్ల మీద కూర్చున్న వాళ్లకు తెలిసే దారి లేదు. అందరినీ అడగడం, చాలామందిని మళ్లీ రమ్మనడం. ఆమె కట్టిన అసలు తెర అదేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇంకోసారి పక్క తండా నుంచి ఒక ముసలాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. డాక్టరమ్మ ప్రశ్నకు ఆయన జవాబు చెప్పేలోపే ఆ అవ్వ వాళ్ల భాషలో అందుకుని గుక్క తిప్పుకోకుండా ఏదో చెప్పింది. ఏమంటుందని అడిగితే, "మంచిగనే ఉన్నమంటుందమ్మా" అన్నాడాయన. చప్పున వీపు మీద ఒక దెబ్బ పడిన చప్పుడు మా దాకా వినిపించింది. "మీ మాట నాకు రాదు గని తాతా, అవ్వ గట్ల అన్లేదని మాత్రం సమజైంది" అన్నారు డాక్టరమ్మ.

నేను మొదటిసారి ఆమె దగ్గరికి వెళ్లింది రోగిగా కాదు. వానలు మొదలై ఊళ్లల్లో జ్వరాలు లేచినప్పుడు మా పత్రికకు వార్త కోసం వెళ్లాను. కావాల్సిన వివరాలన్నీ ఓపికగా చెప్పి, లేవబోతుంటే నా జబ్బకు బీపీ పట్టీ చుట్టారు. ఆకలి, నిద్ర అయ్యాక ఆ ప్రశ్న వచ్చింది. మంచిగనే ఉన్నామని చెప్పాను. ఆమె కళ్లద్దాల మీదుగా ఒకసారి చూసి, "అచ్ఛా" అన్నారు. మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ అడుగుతానని కూడా అన్నారు. ఆమెకు నేను చెప్పింది అబద్ధం.

నాది మహబూబాబాద్ దగ్గర కురవి. ఉద్యోగం హన్మకొండలో, పత్రిక జిల్లా డెస్కులో. కాపురం జనగామలో, ఎందుకంటే నా భార్య సుజాత పుట్టిల్లు లింగాల ఘనపూర్ అక్కడికి దగ్గర. మధ్యాహ్నం రైలెక్కితే పేజీలు పంపేసరికి అర్ధరాత్రి దాటేది. ఆఫీసులోనే పేపర్లు పరుచుకుని పడుకుని, తెల్లవారి రైలుకు ఇంటికి చేరేవాణ్ని. అప్పటికి సుజాత బిడ్డకు జడలు వేస్తూ ఉండేది. ఆ వేళకాని తిండితో మా డెస్కులో కడుపు మంట లేని మనిషి ఉండేవాడు కాదు. కింద మందుల దుకాణంలో గ్యాసు గోలీలు దొరికేవి. వక్కపొడి పంచుకున్నట్టు ఒకరి పట్టీలోంచి ఒకరం తీసుకుని మింగేవాళ్లం. చీటీ లేదు, డాక్టరు లేడు, ఎన్నాళ్లు వాడాలన్న ఆలోచనా లేదు.

మనసు కావడం ఎప్పుడు ఆగిపోయిందో నేను చెప్పలేను. మన వీధిలో ఒక దుకాణం మూతపడితే ఏ రోజు మూతపడిందో గుర్తుండదు, చాలాకాలంగా తెరవడం లేదన్న సంగతే ఒకనాడు తడుతుంది. నాకూ అట్లాగే తట్టింది. సుజాత మీద ప్రేమ తగ్గలేదు. ఆమె నవ్వితే బాగుండేది, పక్కన కూర్చుంటే బాగుండేది. అంతకుమించి ఏమీ అనిపించేది కాదు. అలసట అనుకున్నాను. వయసు అనుకున్నాను కానీ, ముప్పై అయిదేళ్లకు అదేం వయసు? మా జిల్లా పేజీ కింది వరుసల్లో లాడ్జీ గదిలో ప్రతి వారం దొరికే వైద్యుల ప్రకటనలు వచ్చేవి. వాటిలో అక్షర దోషాలు దిద్దేవాణ్ని నేనే. దిద్దిన చేత్తో వాళ్ల దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు. శివరాత్రికి కురవి జాతరకు పోయినప్పుడు మాత్రం, తెలిసినవాళ్లు లేకుండా చూసుకుని, డేరా వేసుకుని వేర్లు, నూనెలు అమ్మేవాడి దగ్గర ఒక పొడి కొన్నాను. తేనెలో కలుపుకుని తిన్నాను. దాంతో కడుపు మంట ఇంకా పెరిగింది. ఇంకో గ్యాసు గోలీ వేసుకున్నాను.

ఎవరన్నా ఉన్నారా అని సుజాత ఒకరోజు అడిగింది. రాత్రిళ్లు ఇంట్లో ఉండని మొగుడు, ఉన్నప్పుడు గోడవైపు తిరిగి పడుకునే మొగుడు. అడగక ఏం చేస్తుంది? నేను లేరని చెప్పలేదు, ఉన్నారనీ చెప్పలేదు. మౌనానికి ఆమె తనకు తోచిన అర్థం తీసుకుంది. వారం తిరగకుండా బిడ్డను తీసుకుని లింగాల ఘనపూర్ వెళ్లిపోయింది. తర్వాత మా బావమరిది యాదగిరి జనగామకు వచ్చి, గడప బయటే నిలబడి, వచ్చే అమాస వెళ్లాక పెద్దమనుషులను కూర్చోబెడుతున్నామని చెప్పాడు. అక్కడ నా చేత ఆ రెండో ఆడమనిషి పేరు చెప్పిస్తామని, చెప్పకపోతే తెగతెంపులేనని అన్నాడు. లేని మనిషి పేరు ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు.

డెస్కులో నా పక్క కుర్చీ మల్లేశంది. మంచివాడు. అతనొక్కడికే సంగతి చెప్పాను. అతను చాలాసేపు ఆలోచించి ఇచ్చిన సలహా నాకు ఇప్పటికీ మాట మాట గుర్తుంది.

"ఉన్నదనే అనుకోనీ అన్నా. మొగోడన్నంక తిడుతరు, తప్పు కట్టమంటరు, మళ్ల కలుపుతరు. లేదన్నవనుకో, మరి ఎందుకు గిట్ల జేసినవని అడుగుతరు. అప్పుడేం చెప్తవ్?"

అది నాకు సబబుగానే తోచింది. ఇప్పుడు రాస్తుంటే వింతగా ఉంది కానీ, మా వైపు మగవాళ్ల లెక్క అదే. రెండిళ్లు పెట్టుకున్నవాణ్ని పంచాయితీలో నాలుగు తిట్టి, చివర చాయ్ ఇస్తారు. మనసు కావడం లేదన్నవాడికి ఊళ్లో పిల్లలు కూడా పేరు పెడతారు. చేయని రంకు ఒప్పుకుంటేనే పరువు దక్కేటట్టుంది. మామగారింటికి వెళ్లి, అవును, ఉన్నది, వదిలేశానని చెప్పడానికి దాదాపు సిద్ధపడ్డాను.

ఈలోగా కడుపు మంట ఓర్చుకోలేనంత అయి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. బల్ల మీద ఇంకెవరూ లేరు. ఆకలి అడిగారు, నిద్ర అడిగారు. తర్వాత ఆ ప్రశ్న. అదే గొంతు. తల ఎత్తలేదు. లేదని చెప్పాను. చెప్పాక నా చెవులు వేడెక్కాయి. ఆమె కలం మాత్రం ఆగలేదు. ఎప్పటి సంది అన్నారు. ముందు కడుపు మంట వచ్చిందా, ముందు ఇది వచ్చిందా అన్నారు. తెల్లవారుజామున ఒంట్లో ఏమైనా తెలుస్తుందా, తలనొప్పి ఉందా, చూపు పక్కలకు తగ్గిందా, మందు తాగుతారా, దిగులుగా ఉంటుందా అని అడుగుతూ పోయారు. ఆమె అడుగుతున్న తీరు చూస్తే, ఎక్కడో తెగిన కరెంటు తీగ ఎక్కడ తెగిందో వెతుకుతున్నట్టుంది తప్ప, నా గురించి తీర్పు చెబుతున్నట్టు లేదు. చివరకు, ఇంట్లో, ఆఫీసులో మీరు మింగేవన్నీ ఒక సంచిలో వేసుకుని రేపు తీసుకురమ్మన్నారు. నమిలేవి, నాకేవి కూడా విడిచిపెట్టొద్దన్నారు.

మరునాడు సంచి బల్ల మీద బోర్లించారు. తలనొప్పి గోలీలు, బలం గోలీలు, జాతర పొడి, గ్యాసు గోలీల పట్టీలు. పొడి వాసన చూసి, ఇందులో ఏం కలిపారో అమ్మినవానికీ తెలియదు, గుండె మీదికి తెచ్చుకుంటారని చెత్తబుట్టలో వేశారు. గ్యాసు గోలీ పట్టీని కళ్లద్దాలు పెట్టుకుని, వెనక్కి తిప్పి, సన్న అక్షరాలు చదివారు. ఎవరు రాశారని అడిగితే మందుల దుకాణం ఆయన ఇచ్చాడని చెప్పాను. ఎన్ని దినాలకని అడిగితే నాకు నవ్వొచ్చింది. లెక్కేముంది, కొన్నేళ్ల నుంచి వేసుకుంటున్నానన్నాను.

ఆమె విడమరిచి చెప్పారు. అందులో మంట తగ్గించే మందుతో పాటు కడుపును తొందరగా కదిలించే మందు ఇంకొకటి కలిపి ఉందట. కొద్దిరోజులకైతే పర్వాలేదు. నెలల తరబడి మింగితే కొందరిలో బాలింతలకు పాలు పడటానికి పెరిగే రసం మగవాళ్లకూ రక్తంలో పెరుగుతుంది. అది పెరిగితే కోరిక పడుకుంటుంది. "మీకు పాలెందుకు చెప్పుండ్రి" అని, నేను నవ్వాలో వద్దో తెలియక చూస్తుంటే తనే నవ్వారు. అయితే ఇదేనని ఇప్పుడే అనుకోవద్దన్నారు. థైరాయిడ్, షుగరు, మగ హార్మోను కూడా చూడాలి. నిద్ర లేకపోవడమూ, దిగులూ తక్కువవి కావు. ఈ గోలీ ఆపాక కూడా ఆ రసం దిగకపోతే తలకు స్కానింగు తీయాలి. రక్తం హన్మకొండకు పంపారు. ఫలితం వచ్చినప్పుడు ఆమె ఊహించిందే నిజమైంది. గోలీ ఆపించారు. మంటకు వేరే మందు, అదీ కొద్దిరోజులకే, తిండి వేళలతో సహా రాసిచ్చారు. ఇది చూసి ఎవరూ తమ బీపీ మందో, మనసు బాగుండటానికి ఇచ్చిన మందో తమంతట ఆపేయొద్దని కూడా ఆమె అందరికీ గట్టిగా చెప్పేవారు. అడిగి మార్చుకోవాలి, ఆపుకోవద్దు అనేవారు. ఎన్నాళ్లకు బాగవుతానని అడిగాను.

"ఆటో స్టార్టర్ పెట్టిన మోటరు గాదిది, కరెంటు రాంగనే నడుసుడుకు. జర సబర్ జేయుండ్రి."

లేవబోతుంటే, ఇంట్లో చెప్పారా అన్నారు. చెప్పలేదన్నాను. మరి ఆమె ఏమనుకుంటోందని అడిగారు. వేరే ఉన్నదనుకుంటోందని, పెద్దమనుషులు కూర్చోబోతున్నారని, నేను చెప్పదలచుకున్నదీ చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టారు. చాలాసేపు తుడిచారు.

"గట్ల చెప్పుడు మీకు నయమనిపించిందా?"

మీరు ఫోన్ చేసి చెప్పండమ్మా, మీరు చెబితే నమ్ముతుందని బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

"నక్కో. నేను చెప్తె రోగమైతది. మీరు చెప్తె మాటయితది. ఆమెకు కావాల్సింది మాట."

లింగాల ఘనపూర్‌లో మామగారి వాకిట్లో మంచాలు వాల్చి పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. పత్తి ఏరిన కాలం. ఇంట్లో ఒక గది నిండా పత్తి పోసి ఉంది. ముందు సుజాతతో మాట్లాడాలన్నాను. ఏం మాట్లాడినా అందరి ముందే మాట్లాడాలని యాదగిరి అడ్డు నిలబడ్డాడు. "జరుగన్నా, నేనే మాట్లాడుత" అని సుజాత ఆ పత్తి గదిలోకి నడిచింది. ఆ ఇంట్లో తలుపు వేసుకోవడానికి వీలైన గది అదొక్కటే. పత్తి గుట్ట మీద చెరో పక్క కూలబడ్డాం. కదిలితే మోకాళ్ల దాకా దిగబడుతున్నాం. ఆ మెత్తటి తెల్లదనంలో, తప్పించుకోవడానికి లేచి నిలబడే వీలు కూడా లేక, అంతా చెప్పాను. గోలీ సంగతి, పొడి సంగతి, పరీక్ష సంగతి. ఎవరూ లేరని, ఎప్పుడూ లేరని.

సుజాత ఒక పత్తి పాయ తీసుకుని గింజలు ఒక్కొక్కటే వలుస్తూ కూర్చుంది.

"బిడ్డ పుట్టినంక నా పెయ్యి నీకు నచ్చుతలేదనుకున్న. సబ్బులు మార్చిన. తలకు రాసే నూనె మార్చిన. సబ్బు మారిందని గూడ నీకు తెల్వదు."

నిజంగానే తెలియదు. వేరే ఆడది ఉందంటే కొట్లాడటానికి ఒక మనిషన్నా దొరికేది, గోలీతో ఏం కొట్లాడాలని అడిగింది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో ముఖం చూస్తే తెలియలేదు. బయట యాదగిరి తలుపు కొట్టాడు. తలుపు తీసుకుని వాకిట్లోకి వచ్చాం. ఆమె జుట్టు నిండా పత్తి. నేను పెద్దమనుషుల ముందు నిలబడి గొంతు సవరించుకున్నాను. ఆ రోజు నిజమే చెప్పేవాణ్నని నా నమ్మకం. సుజాత నన్ను చెప్పనివ్వలేదు. చాయ్ పెడతాను, తాగి పొండని పెద్దమనుషులతో అంది. మరి ఆ ఆడామె సంగతేందని ఒకాయన అడిగాడు.

"ఏ ఆడామె? ఎవ్వలు లేరు. ఈనెకు కడుపుల మంట, దవాఖానకు తిరుగుతుండు. నాకు చెప్పలే, నేను వేరే అనుకున్న."

ఇంత దూరం పిలిచి కడుపు మంట అంటారేమిటని పెద్దమనుషులు చిన్నబుచ్చుకున్నారు. వాళ్లలో పెద్దాయన మాత్రం చాయ్ తాగి, పొద్దున పరగడుపున మజ్జిగలో వాము వేసి తాగమని నాకు వైద్యం చెప్పి వెళ్లాడు.

తర్వాతి ఆదివారం సుజాతను తీసుకుని జనగామ దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మ ఆమెకు అంతా మళ్లీ ఓపికగా చెప్పారు. తొందరపడవద్దని, పరీక్షలా చూడవద్దని, కొన్నాళ్లు అసలు ఆ ఆలోచనే లేకుండా ఇద్దరూ కలిసి అన్నం తినే వేళ ఒకటి చూసుకోమని చెప్పారు. సుజాత అన్నీ విని, చేతిసంచి తీసుకుని లేచి, మళ్లీ కూర్చుంది.

"డాక్టరమ్మా, ఈనెనడిగిండ్రు గనుక బయటవడ్డది. గా బల్లల మీద సగం మంది ఆడోళ్లే ఉంటరు. మమ్ముల ఎవ్వలడుగుతరు?"

కలం ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆమె కిటికీ వైపు చూశారు, మళ్లీ సుజాత వైపు చూశారు. "అరె" అన్నారు మెల్లగా. అడగలేదు, నిజమే, ఆడదాన్నై ఉండి ఇన్నేళ్లూ అడగలేదని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. తర్వాత చీటీ తిరగేసి, కలం పట్టుకుని, మగవాళ్లను అడిగే ఆ గొంతుతోనే అడిగారు.

"ఆకలైతుందా సుజాతా? నిద్ర పడుతుందా? మనసైతుందా?"

"ఇప్పుడైతె కోపమైతుంది."

డాక్టరమ్మ నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. కళ్లద్దాలు గొలుసు మీద ఊగుతుంటే నవ్వారు. ఆ వారం నుంచి ఆమె ఆడవాళ్లను కూడా అడగడం మొదలుపెట్టారు. మొదట్లో బల్లల మీద పెద్ద గుసగుసలు నడిచాయి. కొన్నాళ్లకు ఆదివారాలు బీపీ చూపించుకోవడానికి వచ్చే ఆడవాళ్లే ఎక్కువయ్యారు.

నా రక్తం కొద్ది వారాల్లోనే బాగైంది. మనసు మాత్రం రక్తంతో పాటు పరుగెత్తి రాలేదు. డెస్కు పని మానుకుని విలేకరిగా మహబూబాబాద్‌కు మార్పించుకుని కాపురం అక్కడే పెట్టాను. రాత్రి నిద్ర, వేళకు తిండి దక్కాయి. సుజాత కోపం కూడా ఒక పూటలో పోయేది కాదు. కొన్నిసార్లు కలిసిపోయినట్టే ఉండి, సబ్బు పెట్టె కనబడితే మళ్లీ ముఖం తిప్పుకునేది. ఒక వానాకాలం మధ్యాహ్నం, బిడ్డ బడికి పోయిన వేళ, ఎవరు ముందో తెలియకుండా దగ్గరయ్యాం. మర్నాడు డాక్టరమ్మకు ఫోన్ చేయాలనిపించింది. ఏమని చెప్పాలో తోచక, కడుపు మంట తగ్గిందని చెప్పాను. "అచ్ఛా" అన్నారు ఆమె. ఈసారి ఆ మాట వేరేగా వినిపించింది.

మందుల దుకాణాల్లో చీటీ లేకుండా ఏళ్ల తరబడి కొని మింగే గోలీల మీద ఆ తర్వాత ఒక వ్యాసం రాశాను. అచ్చుకు పంపే ముందు తప్పులుంటే చెప్పమని ఆమెకు చూపించాను. తన పేరు వద్దన్నారు. తర్వాత ఒక వాక్యం దగ్గర వేలు పెట్టారు. అందులో "మగతనం కోల్పోతున్నారు" అని రాసి ఉంది. ఆకలి పోయినవాణ్ని మనిషితనం పోయిందంటామా అని అడిగారు. ఇన్నాళ్లు డెస్కులో ఇతరుల వాక్యాలు దిద్దినవాణ్ని, ఆ ఒక్క మాట కొట్టేయడానికి నాకు కాసేపు పట్టింది. తర్వాత ఇన్నేళ్లలో ఎన్నో రాశాను. ఆ మాట మళ్లీ రాయలేదు, నా కింద పనిచేసిన వాళ్లెవరు రాసినా ఉంచలేదు.

నేను భూపాలపల్లికి వచ్చాక ఆమె చూపు తగ్గి దవాఖాన మూసేశారని తెలిసింది. ఆమె పోయారన్న కబురు ఒక చలికాలం పొద్దున వచ్చింది. జనగామ చేరేసరికి ఖబరస్థాన్ దగ్గర పెద్ద గుంపు. టోపీలు పెట్టుకున్నవాళ్లు, బొట్టు పెట్టుకున్నవాళ్లు, రిటైరైన ఆ కానిస్టేబులు, పంచె కట్టుకున్న పూజారి. అక్కడున్న ప్రతి మగవాణ్నీ ఆమె ఆ ప్రశ్న అడిగే ఉంటారు. ఎవరేం జవాబు చెప్పారో మట్టికి తెలుసు. మేమంతా చేతులు కట్టుకుని, తలలు వంచుకుని, ఒకరి పక్కన ఒకరం నిలబడ్డాం. ఎవరి రహస్యమూ ఎవరికీ తెలియని ఆ గుంపులో నాకు ఎంతో ధైర్యంగా అనిపించింది.

ఈ మధ్య నాకు షుగరు వచ్చింది. మందులు వాడుతున్నాను. పాత సంగతి మళ్లీ మెల్లగా మొదలైనట్టు కొన్నాళ్లుగా తెలుస్తూనే ఉంది. ఇక్కడి డాక్టరు కుర్రవాడు, మంచివాడే, కానీ అతను అడగడు. పోయిన నెల సుజాతా నేనూ కాళేశ్వరం వెళ్లాం. దర్శనం అయ్యాక గోదావరి మెట్ల మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పుకున్నప్పుడు, డాక్టరుకు చెప్పబోయే ముందు ఆమెకు చెప్పాలనిపించి చెప్పేశాను. ఆమె పొట్లం నా వైపు జరిపి నీళ్ల వైపు చూస్తూ అంది:

"నాకు గూడ నిరుటి సంది గట్లనే ఉన్నది. నువ్వేమనుకుంటవోనని చెప్పలే."

ఇన్నేళ్లు నేను నా మాట దాచకూడదనే నేర్చుకున్నానని అనుకుంటూ వచ్చాను. ఆమెను అడగడం మాత్రం ఎప్పుడో మానేశాను. పులిహోర చేతిలో పట్టుకుని, నిద్ర పడుతుందా అని అడిగాను. మోకాళ్ల నొప్పులకు పడటం లేదంది. ఎప్పటి సంది అన్నాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. భూపాలపల్లి బస్సు వచ్చి, నిండి, వెళ్లిపోయింది. ఇంకో బస్సు ఉంటుందిలే అని నేను కదలలేదు.